పాటను ఎగతాళి చేసిన నవలతో పాటల నాటకం

టాల్‌స్టాయ్ నవల 'యుద్ధం - శాంతి' రెండవ సంపుటం అయిదవ భాగంలో నటాషా రొస్తొవా మాస్కోలో ఒపేరా చూడటానికి వెళ్తుంది. వేదిక మీద జరిగేదంతా టాల్‌స్టాయ్ ఆమె కళ్లతోనే మనకు చూపిస్తాడు. మధ్యలో నున్నటి చెక్కలు, పక్కల చెట్ల బొమ్మలు వేసిన అట్టలు, వెనక వేలాడే గుడ్డ. తెల్ల పట్టు గౌను వేసుకున్న బాగా లావుపాటి స్త్రీ ఒకామె పొట్టి బల్ల మీద కూర్చుని ఉంటుంది. బలిసిన కాళ్లకు బిగుతైన పట్టు లాగు, ఒక ఈక, ఒక బాకుతో ఒకాయన వచ్చి చేతులు చాపి పాడతాడు. ముందు ఆయన పాడతాడు, తర్వాత ఆవిడ పాడుతుంది, తర్వాత ఇద్దరూ కలిసి పాడతారు. జనం చప్పట్లు కొడతారు. వాళ్లు ప్రేమికుల వేషం వేసినవాళ్లని ఒక్క ముక్క అంటాడే తప్ప, ఇది ఫలానా కథ అని టాల్‌స్టాయ్ ఎక్కడా చెప్పడు. ఒపేరా అనే అలవాటు తెలియని మనిషికి అది ఎంత వింతగా కనిపిస్తుందో అంతే రాసి ఊరుకుంటాడు. తెలిసిన వస్తువును తెలియనిదానిలా చూపించే ఈ పద్ధతిని రష్యన్ విమర్శకుడు విక్టర్ శ్క్లోవ్‌స్కీ 1917లో సిద్ధాంతంగా మలిచినప్పుడు ఉదాహరణలు చాలావరకు టాల్‌స్టాయ్ నుంచే తీసుకున్నాడు.

ఇది ఆ ఒక్క రాత్రి నటాషా మనఃస్థితి మాత్రమే కాదు. మూడు దశాబ్దాల తర్వాత 'కళ అంటే ఏమిటి?' రాసినప్పుడు కూడా టాల్‌స్టాయ్ ఒక ఒపేరా రిహార్సల్‌ను వర్ణిస్తూనే మొదలుపెట్టాడు. జర్మన్ ఒపేరా కర్త వాగ్నర్‌ను అందులో తీవ్రంగా దుయ్యబట్టాడు. మనుషులు తమ భావాలను పాడుతూ చెప్పుకోవడం అసహజమనీ, అంత డబ్బూ శ్రమా దాని మీద తగలేయడం తప్పనీ ఆయన నమ్మకం.

అలాంటి రచయిత నవలలోని సరిగ్గా అవే అధ్యాయాలను, ఆ ఒపేరా రాత్రితో సహా, 2012లో న్యూయార్క్‌లో డేవ్ మలోయ్ అనే సంగీతకర్త మొదటి నుంచి చివరి దాకా పాడే నాటకంగా మార్చాడు. పేరు 'నటాషా, పియేర్ అండ్ ది గ్రేట్ కామెట్ ఆఫ్ 1812' (నటాషా, పియేర్, 1812 నాటి మహా తోకచుక్క). ఒక పెద్ద రష్యన్ నవలను సంగీత నాటకంగా మార్చడంలో అసలు చిక్కు ఎక్కడుందో తెలుసుకోవడానికి దీన్ని మించిన ఉదాహరణ నాకు కనబడదు.

చిక్కు ఎక్కడుందని అడిగితే చాలామంది పొడవు అంటారు. నిజమే, వందల కొద్దీ పాత్రలు, పదిహేనేళ్ల కాలం, రెండు యుద్ధాలు. దాన్ని రెండున్నర గంటల్లోకి దించాలి. పైగా పాట మాట కంటే నెమ్మది. మామూలు నాటకంలో అర నిమిషంలో అయిపోయే సంభాషణకు సంగీతంలో రెండు నిమిషాలు పడుతుంది. అయినా పొడవు కత్తెరతో తీరే సమస్య. ఏది ఉంచాలో తెలిసినవాడు కోయగలడు. కత్తెరకు లొంగనిది ఇంకొకటి ఉంది. అది కథకుడి గొంతు.

ఈ భాగంలోని సంభాషణలను మాత్రమే ఏరి వరసగా పేర్చి చూడండి. నిశ్చితార్థమైన అమ్మాయి, కాబోయే భర్త దూరదేశంలో ఉండగా, అప్పటికే రహస్యంగా పెళ్లయిన ఒక విలాసపురుషుడి మాయలో పడుతుంది. లేచిపోవాలనుకుంటుంది, పట్టుబడుతుంది, విషం తాగుతుంది, బతుకుతుంది. ఇలాంటి కథలు ఏ భాషలోనైనా బోలెడున్నాయి. దాన్ని టాల్‌స్టాయ్ రచన చేసేది ఆ మాటల మధ్య ఉన్నది. ఒపేరాలో ఆ విలాసపురుషుడు అనతోల్ కురాగిన్ దగ్గరగా కూర్చున్నప్పుడు, మిగతా మగవాళ్లకూ తనకూ మధ్య ఎప్పుడూ ఉండే సిగ్గు అనే అడ్డుగోడ ఇతని ముందు లేదని నటాషా భయంతో గుర్తిస్తుంది. ఆ మాట ఆమె ఎవరితోనూ అనదు, అనలేదు. సంభాషణలో దానికి చోటు లేదు. కథకుణ్ణి తీసేస్తే అది కూడా పోతుంది. మామూలు మ్యూజికల్ ఆ లోటును 'నేను' అంటూ మొదలయ్యే ప్రేమగీతంతో పూడుస్తుంది. కాని 'నాకు ఇతనంటే మోహం' అని పాడగలిగిన నటాషాకు తన గురించి అన్నీ తెలిసినట్టే. నవలలోని నటాషాకు తెలియదు. తెలిసింది కథకుడికి మాత్రమే.

ఈ చిక్కును మలోయ్ కంటే ముందు చాలామంది ఎదుర్కొన్నారు. రష్యన్ సంగీతకర్త చైకోవ్‌స్కీ పుష్కిన్ 'యెవ్గేనీ అనేగిన్'ను 1879లో వేదిక మీదికి తెచ్చినప్పుడు దాన్ని ఒపేరా అనడానికి కూడా ఇష్టపడలేదు. 'మూడు అంకాల గేయ దృశ్యాలు' అన్నాడు. ప్రేక్షకులందరికీ ఆ పద్యనవల కంఠతా వచ్చని ఆయనకు తెలుసు, అందుకే కథ అంతా చెప్పే బరువు పెట్టుకోకుండా కథానాయిక తత్యానా ఉత్తరం రాసే రాత్రి లాంటి కొన్ని ఘట్టాలను ఎంచుకున్నాడు. ఎంపిక వరకు గొప్ప పాఠమే, కాని పుష్కిన్ కథకుడి చిలిపి గొంతు మాత్రం అందులో వినిపించదు. మరో రష్యన్ సంగీతకర్త ప్రొకోఫియెవ్ రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో 'యుద్ధం - శాంతి'ని పదమూడు దృశ్యాల ఒపేరాగా రాశాడు. మొదటి సగానికి ఆయన ఎంచుకున్నది కూడా నటాషా కథనే. సోవియట్ కళాధికారులు దేశభక్తి ఇంకా కావాలి, యుద్ధం ఇంకా కావాలి అన్నారు. ఆయన మార్పులు చేస్తూనే పోయాడు, 1953 మార్చి 5న, స్టాలిన్ పోయిన రోజే, కన్నుమూశాడు. అది మహత్తరమైన సంగీతం, నాలుగు గంటల దాకా సాగుతుంది. ఇక పాస్టర్నాక్ 'డాక్టర్ జివాగో' మ్యూజికల్ న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల కేంద్రం బ్రాడ్వేలో 2015లో 23 ప్రదర్శనలతో ఆగిపోయింది. విప్లవం, అంతర్యుద్ధం, ప్రేమ, అన్నీ ఒక్క సాయంత్రంలో చెప్పబోయి, కవి అయిన కథానాయకుడి అంతరంగాన్ని సంఘటనల కింద పూడ్చేసిందని నా అభిప్రాయం.

మలోయ్ ఓడలో పియానో వాయించే ఉద్యోగంలో ఉండగా ఈ నవల చదివాడు. రెండవ సంపుటం అయిదవ భాగం, ఇరవై రెండు అధ్యాయాలు, సుమారు 70 పేజీలు. అంతే తీసుకున్నాడు. ఆ భాగానికి దానంతట దానికే ఒక నాటకం నడక ఉంది: నటాషా మాస్కోకు వస్తుంది, పడిపోతుంది. మరో మూల ధనవంతుడు, తాగుబోతు, తన బతుకంటేనే రోత పుట్టిన పియేర్ బెజూఖొవ్ నెమ్మదిగా మేలుకుంటాడు. పేరులో జంటగా కనిపించే ఈ ఇద్దరూ ఎదురుబదురుగా మాట్లాడుకునేది నాటకం చివర ఒక్కసారే. అంతవరకు పియేర్ వాద్యబృందం మధ్య కూర్చుని పియానో, అకార్డియన్ వాయిస్తూ పక్కన జరుగుతున్న కథకు సాక్షిగా ఉంటాడు. వాయిద్యకారుడే పాత్ర కావడంలో గొప్ప ఔచిత్యం ఉంది. ఈ భాగంలో పియేర్ జీవితంలో పాల్గొనకుండా దాన్ని పక్కనుంచి వింటున్న మనిషి.

కథకుడి చిక్కుకు మలోయ్ కనిపెట్టిన ఉపాయం వినడానికి చాలా చిన్నది. కథనాన్ని పాత్రలకే పంచి ఇచ్చాడు. పాత్రలు తమ గురించి తామే మూడో మనిషి గురించి చెప్పినట్టు పాడతాయి. ఫలానా ఆమె గదిలోకి వచ్చింది, ముఖం ఎర్రబడింది అని ఆమే పాడుతుంది. మరుక్షణం 'నేను' అంటుంది. ఆంగ్లానువాదంలోని టాల్‌స్టాయ్ వచనాన్ని చాలాచోట్ల దాదాపు ఉన్నదున్నట్టు స్వరపరిచాడు, ప్రాస కోసం దాన్ని చెక్కలేదు. అందుకే ఆ పాటల్లో పంక్తులు పొట్టివీ పొడుగువీగా, చదివే మనిషి ఊపిరి ప్రకారం సాగుతాయి.

బ్రాడ్వే ప్రేక్షకులకు ఇది కొత్తగా తోచింది. మనకు తోచదు. మన యక్షగానంలో, కూచిపూడి కలాపంలో పాత్ర తెర వెనక నుంచి వస్తూ తన ప్రవేశ దరువు తానే పాడుకుంటుంది. ఆ దరువు తరచు 'వెడలె', 'వచ్చె' అంటూ మూడో మనిషి గురించి చెప్పినట్టే సాగుతుంది. ఆడుతున్నవారు పాత్రగానూ ఉంటారు, పాత్రను మనకు పరిచయం చేసేవారుగానూ ఉంటారు. ఆ రెంటికీ మధ్య ఉన్న చిన్న ఎడంలోనే రసమంతా ఉంది. సత్యభామ అతిశయాన్ని ఆమెతో పాటు అనుభవిస్తూ, ఆమెను చూసి నవ్వుకోనూ గలం. 'గ్రేట్ కామెట్'లో నటాషా కూడా ఇలాగే పని చేస్తుంది. ఆమె తన గురించి 'ఆమె' అని పాడిన క్షణంలో, తనకే తెలియని తన సంగతి మనకు వినిపిస్తుంది. టాల్‌స్టాయ్ కథకుడు చేసిన పని అదే.

రష్యన్ నవలలు చదివేవారిని ఎప్పుడూ తికమక పెట్టే పేర్ల సంగతి కూడా మలోయ్ దాచలేదు. నటాషా ఒకచోట నతాల్యా ఇల్యీనిచ్నా అవుతుంది, పియేర్ ఇంకొకచోట ప్యోత్ర్ కిరీల్లోవిచ్ అవుతాడు. మొదటి పాట మొత్తం పాత్రల పరిచయమే. ఒక్కొక్కరికీ ఒక్కొక్క గుణం తగిలించి, కొత్త పేరు వచ్చినప్పుడల్లా పాతవన్నీ మళ్లీ మొదటి నుంచి పాడతారు: నటాషా చిన్నది, సోన్యా మంచిది, అనతోల్ అందగాడు. పిల్లలు పాడుకునే గొలుసుపాట పద్ధతి ఇది. పాట అయ్యేసరికి ఎవరు ఎవరో ప్రేక్షకుడికి నోటికి వచ్చేస్తుంది. ఆ వరసలో అన్నిటికంటే ముఖ్యమైన సమాచారం ఆంద్రేయ్ ఇక్కడ లేడన్నది. నటాషాకు కాబోయే భర్త లేకపోవడం వల్లే కథంతా జరుగుతుంది. నవల వందల పేజీల్లో కట్టిన ఆ శూన్యాన్ని ఈ నాటకం మొదటి నిమిషాల్లోనే మన చెవిన వేస్తుంది.

కోసిన చోట్లు, కలిపిన చోట్లు చూస్తే చేయి తిరిగినతనం తెలుస్తుంది. నవలలో నటాషాతో పాటు ఆమె తండ్రి కూడా మాస్కో వస్తాడు. నాటకంలో ఆయన లేడు. ఆ అమ్మాయిని కాచుకోవలసిన బరువంతా వాళ్లకు ఇంట్లో చోటిచ్చిన మార్యా ద్మిత్రియెవ్నా మీద, బంధువూ నేస్తమూ అయిన సోన్యా మీద పడుతుంది. పియేర్‌కూ అనతోల్ స్నేహితుడు దొలోఖొవ్‌కూ మధ్య జరిగే పిస్తోళ్ల ద్వంద్వయుద్ధం నవలలో అయిదారేళ్ల ముందరి ముచ్చట. మలోయ్ దాన్ని తెచ్చి ఈ చలికాలంలోనే పెట్టాడు. లేకపోతే పియేర్ మొదటి అంకమంతా తాగి కూర్చోవడం తప్ప చేసేది ఉండదు. ఆంద్రేయ్ పాత్రనూ, అతని ముసలి తండ్రి పాత్రనూ ఒకే నటుడు ధరిస్తాడు. మొదటి అంకంలో నటాషాను అవమానించిన ఆ కర్కశమైన ముఖమే, చివర్లో క్షమించలేని ఆంద్రేయ్‌గా తిరిగి వస్తుంది. కొడుకులో తండ్రి ఎంత ఉన్నాడో చెప్పడానికి టాల్‌స్టాయ్ వాక్యాలు ఖర్చు పెట్టాడు. నాటకం ఒక్క ముఖంతో చెప్పేసింది.

ఇక ఆ ఒపేరా రాత్రి. పాటల నాటకంలోనే ఒపేరాను వింతగా చూపించాలి, అదీ పరీక్ష. ప్రేక్షకులు అప్పటికే పాటకు అలవాటు పడిపోయి ఉంటారు. పాత్రలన్నీ పాడుతున్న లోకంలో వేదిక మీద పాడే మనిషి ఎందుకు వింతవుతాడు? మలోయ్ ఆ లోపలి ఒపేరాకు వేరే సంగీతం ఇచ్చాడు. అపశ్రుతులు, గీరుకుపోయే ధ్వనులు, అర్థం చిక్కని గొంతులు. అంతవరకు మన చెవికి సహజంగా వినిపించిన పాట ఒక్కసారిగా పరాయిదైపోతుంది. నటాషాకు ఏం తోచిందో మనకూ అదే తోస్తుంది. తన కళను వెక్కిరించిన పేజీని దాటవేయకుండా, దానికి తన కళలోనే చోటిచ్చాడు. ఈ నాటకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన నిర్ణయం ఇది.

దానికి జవాబు లాంటిది చివర్లో వస్తుంది. మ్యూజికల్‌లో ఒక పాత సూత్రం ఉంది: భావం మాటకు మించితే పాట, పాటకు మించితే నాట్యం. ఇక్కడ అందరూ మొదటి నుంచి పాడుతూనే ఉన్నారు. ఉత్తరాలు పాడారు, కబుర్లు పాడారు, తలుపు తీశామనీ కోటు విడిచామనీ పాడారు. మరి అన్నిటికంటే గొప్ప క్షణానికి ఏం మిగిలింది? పరువు పోయి, జీవితం అయిపోయిందని అనుకుంటున్న నటాషాను పియేర్ చూడటానికి వస్తాడు. తాను తానుగా కాక లోకంలోకెల్లా అందమైనవాడూ తెలివైనవాడూ అయి, స్వేచ్ఛగా కూడా ఉండి ఉంటే, ఈ క్షణమే మోకాళ్ల మీద నిలబడి నీ చేయి అడిగేవాణ్ణి అంటాడు. ఆ మాటలు నవలలోవే. అక్కడ సంగీతం ఆగిపోతుంది. పియేర్ ఆ వాక్యాన్ని పాడడు, మామూలు గొంతుతో చెబుతాడు. నాటకం మొత్తంలో మాట్లాడిన వాక్యం అదొక్కటే. పాటలో అసహజత్వం ఉందన్న టాల్‌స్టాయ్ ఫిర్యాదుకు ఇంతకంటే గౌరవంగా ఎవరూ సమాధానం చెప్పలేదు. రెండు గంటల పాటు ఆపకుండా పాడిన తర్వాత మాత్రమే మామూలు మాటకు అంత విలువ వస్తుంది.

ఆ తర్వాత పియేర్ మంచు కురిసిన వీధిలోకి వచ్చి తోకచుక్కను చూస్తాడు. అది నిజంగా వచ్చిన తోకచుక్కే. 1811 మార్చిలో ఫ్రాన్సులో హొనొరే ఫ్లొజెర్గ్ కనిపెట్టాడు, మామూలు కంటికి దాదాపు 260 రోజులు కనిపించింది. లోకానికి కీడు తెస్తుందని జనం భయపడిన ఆ చుక్క, కన్నీళ్లతో తలెత్తిన పియేర్‌కు తన మనసులో మొలకెత్తుతున్న కొత్త బతుకులాగా కనిపిస్తుంది. నాటకం అక్కడే ముగుస్తుంది. కొన్ని నెలల్లో నెపోలియన్ సైన్యం నియెమన్ నది దాటి రష్యా మీదికి వస్తుందని గాని, నటాషా, పియేర్ చివరికి పెళ్లి చేసుకుంటారని గాని చెప్పదు.

పోయింది కూడా తక్కువేమీ కాదు. బొరొదినో యుద్ధం లేదు, రష్యన్ సేనాపతి కుతూజొవ్ లేడు, చరిత్రను నడిపేది ఎవరన్న ప్రశ్న లేదు. యుద్ధం ఎక్కడో దూరంగా జరుగుతోందన్న మాట తప్ప యుద్ధమే లేదు. సోవియట్ కాలంలో మాస్కో నుంచి వచ్చిన రాదుగ, ప్రగతి ప్రచురణాలయాల అనువాదాలతో రష్యన్ సాహిత్యాన్ని ప్రేమించడం నేర్చుకున్న తెలుగు పాఠకులకు ఇది సగం నవల కూడా కాదనిపించవచ్చు. ఆ కొరత న్యాయమైనదే. ముఖ్యంగా ఆంద్రేయ్‌కు అన్యాయం జరిగింది. ఆస్టర్లిట్జ్ యుద్ధంలో గాయపడి ఆకాశం కింద పడి ఉన్న మనిషిని ఎరగని ప్రేక్షకుడికి అతను చివర్లో వచ్చి ముఖం చిట్లించుకుని పోయే ప్రభువుగానే మిగులుతాడు. అయినా 70 పేజీలను టాల్‌స్టాయ్ చూసినంత దగ్గరగా చూపించడం, వెయ్యికి పైగా పేజీలను దూరం నుంచి చూపించడం కంటే మేలని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ నాటకం పెరిగిన తీరులో కూడా ఒక పరీక్ష ఉంది. 2012లో ఆర్స్ నోవా అనే 87 సీట్ల చిన్న థియేటర్లో, మలోయ్ తానే పియేర్‌గా, ఫిలిపా సూ నటాషాగా మొదలైంది. దర్శకురాలు రేచల్ చావ్కిన్, రంగశిల్పి మిమి లియెన్ ఆ గదిని రష్యన్ క్లబ్బుగా మార్చేశారు: ఎర్ర తెరలు, చిన్న బల్లలు, మధ్య మధ్య తిరుగుతూ పాడే నటులు. తర్వాత ఒక గుడారంలోకి, ఆ తర్వాత అమెరికాలోనే ఉన్న కేంబ్రిడ్జ్ నగరం మీదుగా 2016 నవంబరులో బ్రాడ్వేలోని ఇంపీరియల్ థియేటర్‌కు చేరింది. పెద్ద గాయకుడు జాష్ గ్రోబన్ పియేర్ అయ్యాడు. ఆయన కోసం మలోయ్ ఒక కొత్త ఏకాంత గీతం రాశాడు. ప్రేమించకుండానే, మేలుకోకుండానే చచ్చిపోతానేమో అని పియేర్ వేదన పడే పాట అది. అందులో టాల్‌స్టాయ్ వాక్యాల కంటే మలోయ్ సొంత మాటలే ఎక్కువ. పెద్ద వేదికకు కథానాయకుడి గుండె విప్పే పాట ఒకటి కావాలి, అది ఆ రంగం కట్టుబాటు. పాట గొప్పదే, కాని ఆ కొద్ది నిమిషాలూ పియేర్ తనను తాను మరీ బాగా ఎరిగినవాడిలా కనిపిస్తాడు. బ్రాడ్వే నాటకాలకిచ్చే టోనీ బహుమతులకు పన్నెండు నామినేషన్లు వచ్చాయి, ఆ సంవత్సరం అన్నిటికంటే ఎక్కువ. గెలిచినవి రెండే, రంగాలంకరణకూ దీపాలకూ. గ్రోబన్ వెళ్లిపోయాక టికెట్లు తగ్గాయి, ఆయన తర్వాత ఎవరు నటించాలన్న దానిపై పెద్ద రగడ జరిగింది. 2017 సెప్టెంబరు 3న, 336 ప్రదర్శనల తర్వాత ఆగిపోయింది.

గెలిచిన రెండు బహుమతులూ రంగస్థలం అందానికే కావడంతో, ఇదంతా తెరల, దీపాల మహిమేనా అన్న అనుమానం మిగిలిపోయింది. 2024 డిసెంబరులో లండన్ డాన్మార్ వేర్‌హౌస్‌లో టిమ్ షీడర్ దర్శకత్వంలో కొత్త ప్రదర్శన వచ్చింది. 250 సీట్ల చిన్న రంగశాల అది, బ్రాడ్వే హంగులకు అక్కడ చోటే లేదు. నాటకం చక్కగా నిలబడింది.

అక్కడ అందరి దృష్టీ పడింది సోన్యా మీద. నవలలో నటాషా లేచిపోబోతోందని ఆమెకు అర్థమైపోతుంది. ఎవరికి చెప్పాలో తోచక చీకటి వసారాలో ఒంటరిగా నిలబడి, స్నేహితురాలిని బలవంతంగానైనా ఆపి తీరతానని నిశ్చయించుకుంటుంది. ఒక్క పేరా. మలోయ్ ఆ పేరాను దాదాపు అవే మాటలతో ఒక పాట చేశాడు, వాద్యాలు చాలా పలచగా, గొంతు ఒక్కటే ముందుకు వచ్చేలా. టాల్‌స్టాయ్ సోన్యాతో అంత ఉదారంగా లేడు. ఉపసంహారంలో నటాషా చేతనే ఆమెను కాయ కాయని పువ్వు అనిపించి పక్కన పెట్టేశాడు. 2025లో సోన్యాగా నటించిన మైమూనా మెమన్‌కు సంగీత నాటకాల్లో ఉత్తమ సహాయ నటిగా లండన్ నాటకరంగపు ఆలివియెర్ బహుమతి వచ్చింది.